మందు వచ్చేదాకా

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం మొదలైననాటికి ఆ రోగానికి ప్రపంచంలో ఎక్కడా మందు లేదు. రాబర్ట్ కాక్ 1882లోనే క్షయ క్రిమిని కనిపెట్టాడు గానీ, దాన్ని చంపే మందు దొరకడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. కఫంలో క్రిములు బయటపడిన రోగుల్లో ఐదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం మంది కాలం చేసేవారు. అలాంటి రోగం కోసం పనిగట్టుకుని ఆసుపత్రి కట్టినవాళ్లు ఏ ధైర్యంతో కట్టారు?

ఇలాంటి జూబిలీ ప్రత్యేక సంచికల్లో మామూలుగా శంకుస్థాపన ఫొటో, దాతల జాబితా, పెరిగిన పడకల లెక్క ఉంటాయి. అవి ఎలాగూ వేరే పేజీల్లో వస్తాయి కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోను. నయం చేయలేమని తెలిసి కూడా రోజూ వార్డులు నడిపిన ఆ మొదటి ముప్ఫై ఏళ్ల గురించి ముందుగా చెప్పుకుందాం.

ఈ శానటోరియాన్ని ఏ ఒక్క మిషనూ కట్టలేదు. దక్షిణ భారతంలో పనిచేస్తున్న పలు ప్రొటెస్టెంటు మిషన్లు డబ్బునూ మనుషులనూ కలుపుకొని కట్టాయి. అందుకే దానికి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అని పేరు. ఇప్పటివాళ్లకు ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా, చిలకరించి ఇవ్వాలా అన్నదగ్గరే సంఘాలు వేరుపడి ఉన్న రోజులవి. ఏ తాలూకా ఏ మిషనుదో గీతలు గీసుకుని, ఒకరి పొలంలోకి ఒకరు రాకుండా ఒప్పందాలు రాసుకున్న రోజులు. దోర్నకల్ బిషప్ అజరయ్య వంటివారు తరంగంబాడిలో కూర్చుని సంఘాల ఐక్యత గురించి మాట్లాడుకున్నది 1919లో. ఆ మాట దక్షిణ ఇండియా సంఘంగా రూపం కట్టింది 1947 సెప్టెంబరు 27న. ప్రభువు బల్ల దగ్గర కలవడానికి అంతకాలం పట్టినవాళ్లు రోగి మంచం దగ్గర అంతకుముందే కలిశారు.

మొదటి సూపరింటెండెంటు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ డెన్మార్కువాడు. ఆయన చేతిలో ఉన్నవి గాలి, విశ్రాంతి, తిండి. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది, కోస్తాలో ఉన్నంత ఉక్కపోత ఉండదు. ఆ కాలపు శానటోరియాలన్నిటిలోనూ పద్ధతి దాదాపు ఒకటే. గాలి ఆడే వరండాల్లో మంచాలు. పొద్దునా సాయంత్రమూ జ్వరం చూడటం, వారం వారం బరువు తూచడం, రెండూ చార్టులో ఎక్కించడం. ఉమ్మి ఎక్కడపడితే అక్కడ వేయకుండా ఎవరి మూత కప్పు వాళ్లకు ఉండేది, దాన్ని కడిగి శుభ్రం చేసే పనివాడు ఒకడు ఉండేవాడు. మధ్యాహ్నం విశ్రాంతి వేళ నిద్ర పట్టినా పట్టకపోయినా కదలకుండా పడుకోవాలి. పాలు, గుడ్లు, మాంసం ఆకలి ఉన్నా లేకున్నా తినాలి. జ్వరం నిలకడగా తగ్గాకే నడక, అది కూడా ఇవాళ ఇంత, వచ్చే వారం ఇంకాస్త అని కొలిచి. పనికి వెళ్లక, ఇంటికి వెళ్లక, నెలలూ ఒక్కోసారి ఏళ్లూ ఇదే.

తర్వాత ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చే పద్ధతి వచ్చింది. పక్కటెముకల మధ్యనుంచి సూది దించి, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించేవారు. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తి ముడుచుకుని, రోగం తిన్న గుంట మూసుకుంటుందని ఆశ. ఎక్కించిన గాలి ఒంట్లో ఇంకిపోతుంది కాబట్టి వారానికో రెండు వారాలకో మళ్లీ ఎక్కించాలి. ఇలా రెండు మూడేళ్లు. అయినా అందరికీ పనిచేసేది కాదు. పనిచేయనివాళ్లలో కొందరికి పక్కటెముకలు కోసి తీసే ఆపరేషన్ చేసేవారు.

ఈ పనిలో ఎక్కువ భాగం డాక్టరుది కాదు. తలకింద దిండు సర్దడం, నెత్తురు కక్కినప్పుడు పక్కన నిలబడి బేసిన్ పట్టుకోవడం, పాలగ్లాసు ఖాళీ అయిందో లేదో చూడటం, ఇంటి నుంచి ఉత్తరం రానివాడితో కాసేపు మాట్లాడటం. చేసేవాళ్లకూ రోగం అంటుకునే పని ఇది. ఆ రోజుల్లో క్షయ వార్డుల్లో పనిచేస్తూనే మంచం పట్టిన నర్సులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. క్షయ ఉన్న ఇంటికి పిల్లనివ్వని, ఆ ఇంటి పిల్లను చేసుకోని ఊళ్లనుంచి వచ్చిన రోగులకు, భయపడకుండా దగ్గరికి వచ్చి ముట్టుకునే మనిషి ఉండటం సగం వైద్యం.

మిషన్లకు సువార్త చెప్పాలన్న ఉద్దేశం లేదంటే అబద్ధమవుతుంది. ఉంది. లేచి వెళ్లలేని మనిషికి బోధ చేయడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, దాన్ని దాటవేయాల్సిన పనిలేదు. కానీ వచ్చినవాళ్లంతా క్రైస్తవులు కారు, అలాగే వచ్చి అలాగే వెళ్లినవారు ఎందరో. వాళ్లకు పెట్టిన తిండిలో తేడా ఉంటే ఆ శానటోరియానికి అంత పేరు వచ్చేది కాదు.

మత్తయి సువార్త 25వ అధ్యాయం మన గుళ్లల్లో మూడు వేర్వేరు ప్రసంగాలవుతుంది. పదిమంది కన్యకలు ఒక ఆదివారం, తలాంతులు ఒక ఆదివారం, గొర్రెలూ మేకలూ ఇంకో ఆదివారం. మూడూ కలిపి ఒక్క బిగిన చదివితే వేరే సంగతి కనిపిస్తుంది. మొదటిదాంట్లో పెళ్లికొడుకు రాక, రెండోదాంట్లో యజమాని రాక ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో ఏం చేయాలో మూడోది చెబుతుంది: ఆకలిగొన్నవాడికి తిండి, రోగికి పరామర్శ. ప్రభువు వస్తున్నాడు కదా అని థెస్సలొనీకలో కొందరు పని మానుకుంటే పౌలు వాళ్లను గట్టిగానే మందలించాడు. నిరీక్షణ అంటే చేతులు ముడుచుకుని ఆకాశం చూడటమన్న అపోహ మొదటి శతాబ్దం నుంచీ ఉన్నదే. ఆరోగ్యవరంలో రెండు ఎదురుచూపులు ఒకే వరండాలో నడిచాయి: ఒకటి ప్రభువు కోసం, ఒకటి మందు కోసం.

ఎదురుచూస్తూ కూర్చోలేదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. క్షయ అని పంపిన రోగుల్లో కొందరికి కఫంలో క్రిములు ఎన్నిసార్లు వెతికినా దొరికేవి కావు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో మచ్చలు అన్నీ ఉండేవి. రక్తం పరీక్షిస్తే ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా ఉండేవి. ఇది క్షయ కాదు, క్షయలా కనిపించే మరో జబ్బు అని ఫ్రిమోడ్ట్-మోలర్, ఆయనతో పనిచేసిన బార్టన్ 1940లో ప్రకటించారు. ఫైలేరియా పురుగుల వల్ల వచ్చే ట్రాపికల్ ఇయోసినోఫిలియా అని దాన్ని వైద్యలోకం తర్వాత స్థిరపరచింది. లక్షణాలు తగ్గని రోగిని ‘క్షయే’ అని చార్టులో రాసేసి వదిలేయడం ఎంత సులువో ఊహించుకోండి. ఓపిగ్గా మళ్లీ మళ్లీ కఫం చూసిన ల్యాబు మనిషికి కూడా ఇందులో వాటా ఉంది, వ్యాసం మీద అతని పేరు లేకపోయినా.

ఆ తర్వాత మందులు వచ్చాయి. 1943లో స్ట్రెప్టోమైసిన్, దాని వెనకే పాస్ అనే మరో మందు, 1952లో ఐసోనియాజిడ్. 1948లో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మన దేశంలో వేయడం మొదలైంది ఈ మదనపల్లెలోనే. 1955లో రాజాజీ అంతటివాడు ఆ టీకాను బహిరంగంగా వ్యతిరేకిస్తే పత్రికల్లో పెద్ద రగడే జరిగింది. అప్పటికి శానటోరియం వాళ్లు గోడ దాటి ఊళ్లలోకి నడిచారు. చుట్టుపక్కల పల్లెల్లో మొత్తం జనాన్ని పరీక్షించి, క్షయ ఎంత ఉందో, ఎవరికి ఉందో, బీసీజీ ఎంతవరకు కాపాడుతోందో డాక్టర్ యోహానెస్ ఫ్రిమోడ్ట్-మోలర్ బృందం 1950 నుంచి ఏళ్ల తరబడి లెక్క తీసింది. ఆయన క్రిస్టియన్ గారి కొడుకు.

అయితే అసలు దెబ్బ మద్రాసు నుంచి తగిలింది. దెబ్బ అన్నది శానటోరియం గోడలకు, రోగులకు కాదు. 1956లో అక్కడ 193 మంది రోగులను తీసుకుని, కొందరిని శానటోరియంలో చేర్చి, మిగతావారిని తమ పేద ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ ఇచ్చారు. 1959లో ఫలితం ప్రకటించారు. చాలీచాలని తిండితో, ఇరుకు గదుల్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో ఉండటం వల్ల ఇంటివాళ్లకు రోగం ఎక్కువగా అంటలేదు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం దీనిమీదే నిలబడింది.

అంటే గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు అని నలభై ఏళ్లు నడిపిన పద్ధతి అక్కర్లేదని తేలిపోయింది. ఒక సంస్థకు ఇంతకన్నా కష్టమైన వార్త ఉండదు. ‘మా సేవ ఇక అవసరం లేదు’ అని ఒప్పుకోలేక పాత పడకలను పట్టుకుని వేలాడిన ఆసుపత్రులు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆరోగ్యవరం మాత్రం అన్నిరకాల రోగులనూ చూసే మెడికల్ సెంటర్‌గా, నర్సులను తయారుచేసే చోటుగా మారింది. ఆ మార్పును కొందరు పాతవైభవం తగ్గినట్టు చెబుతారు. నాకు అలా అనిపించదు. దేనికోసం ఎదురుచూశారో అది వచ్చింది, అంతే.

ఐతే కథ అక్కడితో ముగియలేదు. 2023లో మన దేశంలో 28 లక్షల మందికి కొత్తగా క్షయ సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అధ్యయనం ఫలితాలు అదే ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. రోగి ఇంట్లో మిగతావాళ్లకు కూడా బియ్యం, పప్పు వంటి దినుసులు అదనంగా ఇస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. నయం కావడానికి మందు ఉండాలి, రాకుండా ఉండటానికి తిండి కూడా కావాలి. పాలగ్లాసు ఖాళీ అయిందో లేదో చూసిన ఆ పాతకాలపు నర్సుకు ఈ లెక్క కొత్తగా ఉండదు.

ఇప్పుడు ప్రభుత్వ నిక్షయ్ మిత్ర పథకం కింద ఎవరైనా, ఏ సంఘమైనా ఒక రోగిని ఎంచుకుని, చికిత్స జరిగే కనీసం ఆరు నెలలు నెలకొక పౌష్టికాహార బుట్ట ఇవ్వొచ్చు. పప్పు, నూనె, పాలపొడి, పల్లీలు. పేరు నమోదుకు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడిగితే చెబుతారు. జూబిలీ కానుకల్లో కొంత అటు మళ్లించాలని పాస్టరేట్ కమిటీలు ఈ నెల సమావేశంలోనే తీర్మానించుకోవచ్చు.