ఏజెన్సీ జీతం ఆపితే.. ఆఫీసును అడగొచ్చా?

పని చేసేది సర్కారు ఆఫీసులో, జీతం వచ్చేది ఏజెన్సీ నుంచి. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఆసుపత్రుల పారిశుద్ధ్య సిబ్బంది, మున్సిపాలిటీల డ్రైవర్లు, ఆఫీసుల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లు, సెక్యూరిటీ గార్డుల్లో చాలామందిది ఇదే పద్ధతి. జీతం ఆగితే ఏజెన్సీ ‘బిల్లు రాలేదు’ అంటుంది. ఆఫీసు ‘ఏజెన్సీని అడుక్కోండి’ అంటుంది. చట్టం మాత్రం ఈ రెండు జవాబులనూ ఒప్పుకోదు.

బాధ్యత ఎవరిది?

జీతం ఇవ్వాల్సింది మొదట కాంట్రాక్టరే. అతను ఇవ్వకపోతే, లేదా తక్కువ ఇస్తే, మిగతాది పని చేయించుకున్న సంస్థ చెల్లించాలి. ఆ తర్వాత కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన బిల్లులోంచి వసూలు చేసుకోవాలి. చట్టం ఈ సంస్థను ‘ప్రధాన యజమాని’ అంటుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న ఈ నిబంధన, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ కొనసాగింది.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రభుత్వ ఆఫీసులకు వర్తించదు. కానీ వాటిలో కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. కాంట్రాక్టరు జీతాన్ని బ్యాంకు ద్వారానే వేయాలి, ఎంత వేశాడో ప్రధాన యజమానికి తెలపాలి. కాబట్టి ‘మాకు తెలియదు’ అనే వీలు ఆఫీసుకు లేదు. ఎగ్గొడితే కాంట్రాక్టరు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ నుంచి జీతాలు ఇప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది.

కాంట్రాక్టు కార్మికులు 50 మంది, అంతకు మించి ఉన్నచోటే ఈ కోడ్‌లోని కాంట్రాక్టు నిబంధనలు వర్తిస్తాయి. మీ దగ్గర అంతకంటే తక్కువ ఉంటే వేతన కోడ్ ఉంది. యజమాని చెల్లించకపోతే ఆ సంస్థ ఎవరిదో వారే బాధ్యులని అది చెబుతోంది.

ఎప్పటిలోగా, ఎంత?

- నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా అందాలి. ఈ గడువుకు బిల్లు మంజూరుతో సంబంధం లేదు.
- పనిలోంచి తీసేసినా, మీరే మానేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.
- వేతన చీటీ ఇవ్వడం తప్పనిసరి.
- రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లోని ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి 2021 జూన్ 11 నాటి జీవో 60 మూడు వర్గాలుగా నెలకు రూ.15,600, రూ.19,500, రూ.22,750 ఖరారు చేసింది. మీ పోస్టు ఏ వర్గంలో మంజూరైందో, తర్వాత సవరణ ఏదైనా వచ్చిందో ఆఫీసులో అడగండి.

పీఎఫ్, ఈఎస్ఐలో ఏం చూడాలి?

పీఎఫ్‌కు మీ వాటా 12 శాతం, యజమాని వాటా మరో 12 శాతం. రూ.15,000 వేతనం మీద లెక్కిస్తే మీ జీతంలోంచి పోవాల్సింది రూ.1,800 మాత్రమే. రూ.3,600 కోస్తున్నారంటే యజమాని వాటా కూడా మీ నుంచే లాగుతున్నట్టు. అది చట్టవిరుద్ధం. పాస్‌బుక్‌లో మీ వాటా రూ.1,800, యజమాని వాటా రూ.550, పింఛను ఖాతాకు రూ.1,250 కనిపించాలి.

ఈఎస్ఐకి మీ వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. రూ.15,600 జీతానికి మీ నుంచి కోయాల్సింది రూ.117. ఏజెన్సీ కట్టకపోతే పీఎఫ్, ఈఎస్ఐ రెండింటికీ ప్రధాన యజమానే జవాబుదారీ. ఈఎస్ఐ చందా పడకపోతే ఆ దెబ్బ ఆసుపత్రికి వెళ్లిన రోజున తెలుస్తుంది. అందుకే 12 అంకెల యూఏఎన్, 10 అంకెల ఈఎస్ఐ నంబరు చేరిన నెలలోనే తీసుకోండి. ఉమంగ్ యాప్‌లో నెలనెలా పాస్‌బుక్ చూసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ?

ఇక్కడే చాలామంది తప్పు గుమ్మం తొక్కుతారు. కలెక్టరేట్, మున్సిపాలిటీ, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రి అయితే రాష్ట్ర కార్మిక శాఖ అధికారులకు ఇవ్వాలి. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, భానూరు బీడీఎల్ వంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో కాంట్రాక్టరు కింద పనిచేస్తుంటే అది కేంద్ర కార్మిక కమిషనర్ పరిధి. ‘సమాధాన్’ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఇలాంటి చోట్ల కనీస వేతనం కూడా కేంద్రం ప్రకటించేదే. అందులోని కరవు భత్యం ఏటా ఏప్రిల్ 1, అక్టోబరు 1న మారుతుంది.

పీఎఫ్ ఫిర్యాదులకు ఈపీఎఫ్‌వోలో పటాన్‌చెరు పేరుతోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఆన్‌లైన్‌లో ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ పోర్టల్ ఉంది.

వరుసగా ఇలా చేయండి

1. ఏజెన్సీకి, ఆఫీసు అధిపతికి ఒకే అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏ నెలలు, ఎంత బకాయో రాయండి.
2. హాజరు పట్టీ ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు దాచుకోండి. ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.
3. ఏజెన్సీ ఒప్పందం, చెల్లించిన బిల్లులు, పీఎఫ్ చలాన్ల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ‘బిల్లు రాలేదు’ నిజమో కాదో అక్కడే తేలుతుంది.
4. కదలిక లేకపోతే కార్మిక శాఖలో క్లెయిమ్ వేయండి. వేతన కోడ్ ప్రకారం మూడేళ్లలోగా వేయొచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం అక్కడి అధికారికి ఉంది. జీతం ఇచ్చామని నిరూపించాల్సిన భారం యజమానిదే, మీది కాదు.

టెండరు ముగిసి ఏజెన్సీ మారినా పాత బకాయి మాసిపోదు. అయితే పాత కాంట్రాక్టరు చివరి బిల్లు, డిపాజిట్ తీసుకుని వెళ్లాక వసూలు కష్టం. ఏజెన్సీ మారుతోందని తెలిసిన వెంటనే, మా బకాయిలు తేలేవరకు తుది బిల్లు ఇవ్వొద్దని ఆఫీసుకు రాతపూర్వకంగా కోరండి. ఒక్కరు కాకుండా, బకాయి ఉన్నవారంతా కలిసి సంతకాలు చేస్తే ఆ కాగితానికి బలం ఎక్కువ.