భావికాలపు అపరాధ పరిశోధకురాలు

రాజులు చారచక్షువులని పెద్దలందురు. ప్రభువు తన కన్నులతో చూడజాలని దానిని చారుల కన్నులతో చూచునని దాని భావము. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున చారులను తాపస వేషమునను, వర్తక వేషమునను, భిక్షుకి వేషమునను నిలుపవలెనని విధించియున్నాడు. అయినను మన ప్రాచీన కథలలో చారుడు కథానాయకుడగుట అరుదు. వార్త చెప్పి తెరమరుగగుటయే అతని పని. అట్టి చారుని కథకు నాయకునిగా జేసి, అతని యెదుట బాంబు చేతబట్టిన శత్రువును నిలిపి, నడుమ నొక ప్రణయ వృత్తాంతమును జేర్చి, అంతయు రాబోవు కాలమున జరుగునట్లు వ్రాసెడి నవలలు ఆంగ్లమున గలవు. 1999లో అమెరికాయందు వెలువడిన 'లాయల్టీ ఇన్ డెత్' అట్టిది. అది చూచుటకు క్రొత్తది. దాని వంశము మాత్రము నూఱేండ్లకు పైబడినది. ఆ వంశచరిత్రమును కొంత విన్నవించెదను.

1605లో లండను పార్లమెంటును పేల్చివేయ దలచినవారు నేలమాళిగలో 36 పీపాల తుపాకిమందును దాచవలసి వచ్చెను. అన్ని పీపాలను దాచుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు, వారు పట్టుబడిరి. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైటునకు హక్కుపత్రము పొందిన పిమ్మట ఆ కష్టము తీరినది. కొండలు పగులగొట్టి రైలుదారులు వేయుటకు పుట్టిన ఆ మందు చేతిసంచిలో ఇముడును. దానికొక గడియారమును తగిలించినచో, పెట్టినవాడు అది పేలుసరికి మరొక ఊరిలో భోజనము చేయుచుండవచ్చును.

ఐర్లండు స్వాతంత్ర్యమును గోరువారిలో ఒక వర్గము 1881 మొదలు 1885 వఱకు ఆంగ్ల నగరములలో ఈ సాధనమును ప్రయోగించెను. వారిని పట్టుటకై లండను పోలీసువారు 1883లో ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పిరి. 1884 మే 30వ తేది రాత్రి, ఆ శాఖవారి కార్యాలయము క్రిందనున్న మూత్రశాలలోనే ఎవరో బాంబు పెట్టిరి. స్కాట్లండు యార్డు భవనపు మూల కూలిపడెను. దొంగను పట్టువాని యింటికే దొంగ కన్నము వేసినట్లయినది.

1885 జనవరి 24, శనివారమున లండను కోటలోను, పార్లమెంటు భవనములోను బాంబులు పేలెను. వెస్టుమినిస్టరు మందిరమున పొగలు గ్రక్కుచున్న మూటయొకటి కనబడగా, కోల్ అను రక్షకభటుడు దానిని రెండు చేతులతో నెత్తి బయటికి గొంపోవ బ్రయత్నించెను. చేతులు కాలి మూట జారి పేలెను. అతడును, కాక్స్ అను తోడి భటుడును తీవ్రముగా గాయపడియు బ్రతికిరి. కోల్‌నకు ప్రభుత్వము ఆల్బర్టు పతకము నిచ్చినది.

ఆ యేడే ఈ వంశమునకు మూలపురుషుడనదగిన గ్రంథము వెలువడినది. దాని పేరు 'ది డైనమైటర్'. కర్తలు భార్యాభర్తలు: రాబర్టు లూయీ స్టీవెన్సను, ఆయన భార్య ఫానీ. అంతకు ముందేడు వారు ఫ్రాన్సు దక్షిణ తీరమున నుండగా స్టీవెన్సను జబ్బుపడెను. నోట నెత్తురు పడుచుండుటచే మాటాడరాదు. కన్నుల బాధచే వెలుతురు చూడరాదు. చీకటి గదిలో పడియున్న భర్తకు ప్రొద్దు గడచుటకై ఫానీ దినమున కొక కథ కల్పించి చెప్పెడిది. తరువాత డబ్బునకు ఇబ్బంది కలుగగా ఆ కథలను జ్ఞప్తికి దెచ్చుకొని ఇరువురును కూర్చిరి. గ్రంథమును కోల్, కాక్స్ అను ఆ రక్షకభటుల కిరువురకే అంకిత మిచ్చిరి. రాజులకును ప్రభువులకును కృతు లంకితమిచ్చుట మన మెఱుగుదుము. జీతపు భటులకు కృతి నిచ్చిన కవులు అరుదు. నాకిది మిక్కిలి ముచ్చటైన విషయము.

ఆ కథలో పనిపాటులు లేని మువ్వురు యువకులు పరిశోధకులగుదమని బయలుదేరుదురు. బాంబులు చేయువాని పేరు జీరో, అనగా సున్న. అతని యంత్ర మొక్కటియు సరిగా పేలదు. తుదకు తన యంత్రమునకే తాను బలియగును. అతని కూటమిలోని యొక కన్య అబద్ధపు కథలల్లి ఆ యువకులను మోసగించును. వారిలో నొకడు ఆమెను నమ్మి, ప్రేమించి, పెండ్లియాడును. ఇక్కడనే ప్రణయమును, నేరమును, పరిశోధనయు ఒక్కచోట కలిసినవి.

రాబోవు కాలమును తెచ్చినవాడు జార్జి గ్రిఫిత్. 1893లో ఇతడు వ్రాసిన 'ది ఏంజెల్ ఆఫ్ ది రివల్యూషన్' కథ 1903, 1904 సంవత్సరములలో జరుగును. అందు ఉగ్రవాదులు గగనయానములనుండి బాంబులు కురిపించి లోకమును జయింతురు; వారే నాయకులు! విమాన నిర్మాతకును ఆ సంఘపు కన్యకును ప్రణయము. రైటు సోదరుల విమానము నిజముగా ఎగిరినదియు 1903లోనే. రచన మాత్రము గొప్పది గాదు; నగరములు దగ్ధమగుటను పండుగవలె వర్ణించును.

1894 ఫిబ్రవరి 15వ తేది గ్రీనిచ్ తోటలో, ఖగోళ పరిశోధనాలయము సమీపమున, మార్షియల్ బూర్దాన్ అను 26 ఏండ్ల ఫ్రెంచి యువకుని చేతిలోనే బాంబు పేలెను. అతడు కొంతసేపటికి మరణించెను. పరిశోధనాలయమునకు ఏ హానియు గలుగలేదు. ఈ సంగతిని గ్రహించి జోసెఫ్ కాన్రాడు 1907లో 'ది సీక్రెట్ ఏజెంట్' అను నవల వ్రాసెను. నా యెఱుకలో ఈ వంశమున దీనిని మించినది లేదు.

వెర్లాక్ అనువాడు లండనులో చిన్న అంగడి నడుపును. అతడొక విదేశపు రాయబారి కార్యాలయమునకు గూఢచారి. ఆంగ్ల పోలీసు అధికారియగు హీటునకును రహస్యముగా వార్త లందించువాడే. పరిశోధనాలయమును పేల్చినచో ఆంగ్ల ప్రభుత్వము బెదరి కఠిన శాసనములు చేయునని రాయబార కార్యాలయములోని యొక అధికారి అతని నాజ్ఞాపించును. వెర్లాకు తన ప్రాణము నొడ్డలేక, భార్యయగు విన్నీ తమ్ముని, బుద్ధి పూర్తిగా వికసింపని అమాయకుని, స్టీవీని, బాంబుతో పంపును. దారిలో వాడు కాలు తడబడి పడి ఛిన్నాభిన్నమైపోవును. హీటు ఆ పీలికలలో ఒక గుడ్డముక్కను జూచును. దానిపై ఇంటి చిరునామా కలదు. తమ్ముడు త్రోవ తప్పిపోవునేమోయని అక్క తన చేతులతో అతని కోటులోపల కుట్టిన చీటి అది. నేరము బయటపడుటకు ఆధారము అదియే. అక్క ప్రేమయే అపరాధికి ఉరియైనది. నిజము తెలిసిన విన్నీ భర్తను కత్తితో పొడిచి చంపును. తానును సముద్రమున బడి మరణించును.

బాంబు ఊరిలో పేలుటకు ముందే ఇంటిలో నమ్మిక పేలిపోయినదని కాన్రాడు చూపెను. ఇట్టి కథలలో ప్రణయము పాఠకుని రంజింపజేయుటకు పూసిన రంగని తలంచువారు కలరు. నేనట్లు తలంపను. రహస్యముగా చంపదలచినవాడు మొదట తన కంచము ప్రక్కన కూర్చున్నవారిని వంచింపవలయును.

ఇక 1999 నాటి నవలకు వత్తము. దానిని వ్రాసినది నోరా రాబర్ట్స్ అను ప్రఖ్యాత రచయిత్రి. ఈ వరుస గ్రంథములకు జె. డి. రాబ్ అను మాఱుపేరు పెట్టుకొన్నది. వరుస 1995లో ప్రారంభమైనది, కథాకాలము 2058 మొదలు, స్థలము న్యూయార్కు. పరిశోధకురాలు ఈవ్ డాలస్. ఆమె భర్త రోర్క్ ఐర్లండులోని డబ్లిను బీదవాడలలో పుట్టి, దొంగసరకుల వర్తకము చేసి, కోటీశ్వరుడైనవాడు. మొదటి గ్రంథమున అతడు హత్యానేరపు అనుమానితుడు; అనుమానించిన పోలీసుదే తరువాత అతనిని పెండ్లియాడినది. ఐర్లండువారిని పట్టుటకు పుట్టిన శాఖ వంశపు కథ ఇట్లు ఐర్లండువానికే పిల్లనిచ్చినది.

ఈ నవలలో ఉగ్రవాదుల సంఘమునకు కసాండ్రా అని పేరు. గ్రీకు పురాణమున కసాండ్రా ట్రాయి రాజకుమార్తె. భవిష్యత్తు చెప్పగలదు గాని ఎవరును నమ్మకుండునట్లు శాపగ్రస్త. ఈ సంఘమువారు ముందుగా లేఖ లంపి, పిమ్మట న్యూయార్కు భవనములను పేల్తురు. వెలువడిన రెండేండ్లకు, 2001 సెప్టెంబరు 11న, ఆ నగరముననే విమానములు మహాసౌధములను గూల్చెను. ఆనాటి దాడులలో దాదాపు 3,000 మంది మరణించిరి. నవలలో లేఖలు, బేరములు, గడువులు గలవు. నిజమున ఏ గడువును లేదు. ఆ తరువాత ఈ కథను వినోదముగా మాత్రమే చదువుట కష్టమైనది.

ఈవ్ సహాయకురాలు పీబడీ. ఆమె తమ్ముడు జీక్ వడ్రంగి, పల్లెటూరి నిష్కపటి. ఒక ధనికుని యింట పనికి వచ్చి, భర్త కొట్టుచున్నాడని ఏడ్చు ఆ యింటి యిల్లాలిని జూచి జాలిగొని ప్రేమించును. ఆమెయే ఉగ్రవాద కూటమిలోనిది. భర్త తన చేతనే చచ్చెనని జీక్ నమ్మునట్లు వారు నాటకమాడుదురు. స్టీవీ మరల పుట్టినట్లున్నది గదా! కథాకాలమున నూటయేబదియేండ్లు దాటినను, యంత్రము లెన్ని మాఱినను, ఉగ్రవాది వెదకునది అమాయకుడైన తమ్మునినే. అయితే ఇక్కడ అక్క పోలీసు శాఖలో నున్నది. చట్టము నొకవైపు, తోబుట్టువు నొకవైపు నుంచుకొని ఆమె పడిన సంకటము, బాంబులకంటె నన్ను ఎక్కువగా పట్టి చదివించినది. ఈవ్ ఆ నాటకమును విప్పి చూపును. జీక్ నిర్దోషియై అక్కను చేరును.