ఉపాధ్యాయుని బల్ల

మన వీధిబడి అయ్యవారికి బల్ల లేదు. అరుగుమీద చాపయో పీటయో ఆయనకు ఆసనము. చెంత నొక తాటాకుల కట్ట, గంటము, చేతిలో బెత్తము. ఆయన సామగ్రి అంతయు ఇంతే. ఇక నేటి బడిలో ఉపాధ్యాయుని బల్లను చూతము. హాజరుపట్టీ క్రింద దిద్దవలసిన పుస్తకములు, వాని క్రింద గతమాసపు ప్రశ్నపత్రములు, ప్రక్కన సుద్దముక్కలు, ఎవడో పిల్లవాని యొద్ద లాగికొన్న బొంగరము. ఈ బల్ల మన బడికి ఎట్లు వచ్చినదో, దేనికొరకు వచ్చినదో తెలిసికొన్నచో, దానిపై ఏమి ఉండవలెనో కూడ మనకు తెలియగలదు.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల వివరములు పంపుడని కలెక్టరులను కోరెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న తన నివేదికను పంపెను. తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసిన కాంబెల్ ఈయనయే. ఆ జిల్లాలో నాడు 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు ఉండిరి. అందు 226 తెలుగు బడులు. సగటున చూచిన బడికి పండ్రెండు, పదుమూడు మంది.

పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. పిమ్మట ఆకులపై గంటముతోనో, పలకపైనను కడితముపైనను బలపముతోనో వ్రాసెడివారు. నాటి పలక యనగా అన్నమును బొగ్గుపొడిని పూసిన నున్నని కొయ్య. కడితమనగా గంజి పెట్టి, మడతలు వేసి, బొగ్గును జిగురును పట్టించిన గుడ్డ. వీనిపై వ్రాసినది తడిగుడ్డతో తుడిచిన పోవును. కనుక సాయంకాలమునకు పోగుపడునది స్వల్పము. పిల్లవాని చదువు ఎట్లున్నదో తెలియవలెనన్న అయ్యవారు వానివంకనే చూడవలెను. ఆ చదువు నిర్దోషమని మనము అనరాదు. అర్థము తెలియకయే పిల్లలు వల్లించుచున్నారని కాంబెల్ ఆనాడే విచారించెను.

అంతకు పూర్వమే మన ఇసుకవ్రాత సముద్రము దాటినది. మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర శరణాలయమున ఆండ్రూ బెల్ దానిని ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించెను. ఆ పద్ధతిని 1797లో లండనులో ప్రకటించెను. అచ్చటనే జోసెఫ్ లాంకాస్టరు ఇట్టి పద్ధతితో వందలకొలది పిల్లలను ఒకే గదిలో కూర్చుండబెట్టెను. గదికి ఒక చివర వేదిక, వేదికపై ఉపాధ్యాయుని బల్ల. ఆ ఎత్తు ఠీవికొరకు మాత్రమే కాదు, కట్టకడపటి వరుసలోని పిల్లవాడు సైతము కనబడుటకు.

మన దేశమున 1854లో చార్లెస్ వుడ్ విద్యాలేఖతో గ్రాంటుల పద్ధతి నెలకొనెను. మరుసటి సంవత్సరమే మద్రాసులో విద్యాశాఖ ఏర్పడెను. గ్రాంటు కావలెనన్న లెక్క చూపవలెను. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున పరీక్షాఫలితములనుబట్టి సొమ్ము ఇచ్చు పద్ధతియు వచ్చెను. ఇన్‌స్పెక్టరుకు చూపుటకు హాజరుపట్టీ, ప్రవేశపట్టీ, పరీక్షల పట్టీ ఒకదానివెంట నొకటి బల్లపైకి చేరెను. అవి అనవసరములని కాదు. పిల్లవాడు వరుసగా బడి మానుచున్నాడని తెలుపునది ఆ పట్టీయే. కాని పట్టీల గోడ లేచినకొలది ఉపాధ్యాయుని చూపు తగ్గెను. చూచుటకు పుట్టిన బల్ల మరుగైపోవుటకు చోటైనది.

కావున బల్ల సర్దుకొనుట అందముకొరకు చేయు పని కాదు. నడుచుచున్న పాఠమునకు కావలసిన పుస్తకము, హాజరుపట్టీ, కలము, సుద్ద బల్లపై నున్న చాలును. దిద్దవలసినవి ఒక ప్రక్క, దిద్దినవి వేరొక ప్రక్క అలమారులో ఉండవలెను. దిద్దినవి ఆ దినమే పిల్లల చేతికి చేరుట మంచిది. పది దినములు ఆగిన పుస్తకమున తాను చేసిన తప్పు ఏదో పిల్లవానికే గుర్తుండదు. బొంగరమును సాయంకాలము తిరిగి ఇచ్చివేయవలెను. గంట కొట్టిన పిదప అయిదు నిమిషములు వెచ్చించి బల్లను ఖాళీ చేసినచో, మరునాటి ఉదయము ఉపాధ్యాయుడు కూర్చుండి తల యెత్తగానే వెనుకవరుసలో మాటలాడక కూర్చున్న పిల్లవాడు ఆయనకు కనబడును. బల్ల వచ్చినది అందుకొరకే.