మచ్చిక వేరు, పెంపకం వేరు

కోవిల్‌పట్టి కరిసల్ నేలలో ఒకప్పుడు ఎద్దు లేని సేద్యం లేదు. రాజపాళయం పేరు చెప్పగానే అక్కడి రాజులతోపాటు తెల్లటి వేటకుక్క గుర్తుకొస్తుంది. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్ళ కూడా వేసింది. ఈ ఎద్దూ, ఈ కుక్కా మనిషి పంచన పుట్టి పెరిగిన జాతులు. మంచిదాన్ని ఎంచి, జతకట్టించి, తరతరాలుగా మనవాళ్ళు పెంచుకుంటూ వచ్చారు. గుడి వాకిట నిలబడి దీవించే ఏనుగును కూడా మనం ఈ వరుసలోనే కలిపేస్తాం. చరిత్ర చూస్తే అది సరికాదని తెలుస్తుంది.

ఏనుగు కడుపుతో ఉండేది దాదాపు ఇరవైరెండు నెలలు. పుట్టిన గున్న పనికి రావాలంటే ఇంకా ఎన్నో ఏళ్ళు మేపాలి. లెక్క చూసుకున్న రాజులకు పెంచడంకంటే పట్టడమే చవకగా కనిపించింది. ఇరవై ఏళ్ళ ఏనుగును పట్టాలనీ, పాలు తాగే గున్ననూ, చూడి ఏనుగునూ పట్టరాదనీ కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. అంటే ఆ శాస్త్రం ఏనుగును అడవి పంటగా చూసిందేగాని, పెరటి పశువుగా చూడలేదు. విజయనగర ప్రభువు రెండవ దేవరాయలు ఏనుగుల వేటను తన బిరుదులోనే పెట్టుకున్నాడు.

తెల్లవారి కాలంలోనూ పద్ధతి మారలేదు. ఆనమలై అడవుల్లో గుంట తవ్వి, పైన కొమ్మలు పరిచి పట్టేవారు. మైసూరులో 1870లలో శాండర్సన్ దొర మొదలుపెట్టిన ఖెడ్డాలో మందను మొత్తంగా తరిమి కంచెలో పడేసేవారు. పట్టిన తరువాత దుంగల బోనులో కట్టి, ఆకలితోనూ దెబ్బలతోనూ లొంగదీసేవారు. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు మచ్చిక. కాకనకోటలో ఆఖరి ఖెడ్డా 1971లో జరిగింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1977లో ఏనుగును ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. దక్షిణాది అడవుల నుంచి గుళ్ళకు ఏనుగులు వచ్చే దారి దాదాపు మూసుకుపోయింది.

మూసుకుపోయిన దారికి బదులు ఇంకో దారి దొరికింది. అది అస్సాం వైపు నుంచి. విరుదునగర్ జిల్లా శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడి ఏనుగు కథ అదే. ఆండాళ్ మనకు గోదాదేవి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆమె గురించే. అస్సాంలో జయమాల అన్న ఏనుగుకు ఇక్కడ జయమాల్యద అని పేరు పెట్టినప్పుడు, తెలుగు చదివినవాడికి రాయలవారి కావ్యం గుర్తుకు రాక తప్పదు. అంత చక్కటి పేరున్న ఏనుగును 2021 ఫిబ్రవరిలో, తేక్కంపట్టిలో గుడి ఏనుగుల విశ్రాంతి శిబిరంలోనే, మావటివాళ్ళు కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. మావటిని పనినుంచి తప్పించారు. అరువు గడువు తీరిపోయింది కాబట్టి తమ ఏనుగును తమకు ఇమ్మని 2022లో అస్సాం ప్రభుత్వం మనుషులను పంపింది. ఏనుగు క్షేమంగానే ఉందని తమిళనాడు బదులు చెప్పింది. రెండు ప్రభుత్వాలు వాదించుకున్నది ఎవరి ఆస్తి అనే. దాని మంద ఎక్కడ ఉందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

అదే జిల్లాలో లలిత అనే ముసలి ఏనుగు ఉండేది. సరైన అనుమతి లేకుండానే చేతులు మారిన ఏనుగు. అయినా ఏళ్ళ తరబడి అలవాటైన మనిషి నుంచి విడదీస్తే బెంగపెట్టుకుంటుందని, మదురై హైకోర్టు ధర్మాసనం 2020లో దాన్ని యజమాని దగ్గరే ఉండనిచ్చింది. 2023లో అది విరుదునగర్‌లో కూలబడింది. న్యాయమూర్తి స్వయంగా వెళ్ళి చూస్తే ఒంటినిండా పుళ్ళు. గుళ్ళుగాని, వ్యక్తులుగాని ఇకమీదట కొత్తగా ఏనుగులను తెచ్చుకోకుండా చూడాలని ఆ కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. మనసున్న తీర్పు కూడా మూడేళ్ళకే మాట మార్చుకోవలసి వచ్చిందంటే, తప్పు ఒక్క యజమానిది అనుకోలేం.

కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలో, తిరుచెందూరు గుడి ఏనుగు 2024 నవంబరులో తన మావటినీ, అతని బంధువునూ చంపింది. రోజూ అన్నం పెట్టిన చెయ్యి అది. ఏనుగుకు మతి పోయిందన్నారు కొందరు. ఆడ ఏనుగు పుట్టుక నుంచి తల్లి, పిన్నమ్మలు, అక్కచెల్లెళ్ళ మందలో బతికే జీవి. దాన్ని రాతినేల మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా గొలుసుతో కట్టి ఉంచితే ఏ క్షణాన ఏమవుతుందో మావటివాడికీ తెలియదు. అంకుశం పట్టే పేదవాడి ప్రాణం కూడా ఆ గొలుసుకే కట్టి ఉంది.

ఏనుగు లేకపోతే ఉత్సవానికి కళ ఉండదని అంటారు. 2022లో సవరించిన చట్టం కూడా యాజమాన్య పత్రం ఉన్న ఏనుగును మతపరమైన అవసరానికి తరలించే వీలు ఉంచింది. అందుకే ఈ మాట ఇప్పుడు చెప్పాలి. ఉన్న ఏనుగులకు మట్టినేల, నీళ్ళు, నడక, తోటి ఏనుగు, జీతానికి లోటులేని మావటి ఉండాలి. వయసు మీరినవాటిని తిరుచ్చి దగ్గర ఎం.ఆర్.పాళయం లాంటి అటవీశాఖ శిబిరాలకు పంపాలి. వాటి తరువాత ఇంకొకటి వద్దు. ఎద్దునూ కుక్కనూ మన పూర్వులు పెంచారు, వాటి బాధ్యత మనది. ఏనుగును మాత్రం అడవినుంచి అరువు తెచ్చుకున్నాం. గోదాదేవి స్వామికి ఇచ్చింది తాను ముడిచిన పూలదండను. ఎవరి బిడ్డనో తెచ్చి ఆ తల్లి వాకిట కట్టెయ్యమని ఆమె అడగలేదు.