మంజీర తీరాన శుద్ధ పదార్థాల వేట

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా ఎన్ని పరిశ్రమలున్నా, చిప్‌లు తయారుచేసే ఫ్యాబ్ వాటిలో ఒక్కటీ లేదు. మరి సెమీకండక్టర్ల చరిత్రకు ఈ నేలతో సంబంధమేమిటని ఎవరైనా అడగవచ్చు. చిప్ కథలో సగం యంత్రాలదైతే మిగతా సగం పదార్థాలది. సిలికాన్‌లో వంద కోట్ల పరమాణువులకు ఒకటికి మించి పరాయిది లేకుండా చేయగలిగాకే, కావలసిన మలినాన్ని కావలసినంత కలిపి దాని స్వభావాన్ని మన చెప్పుచేతల్లో ఉంచుకోవడం సాధ్యమైంది. ముందు శుద్ధి, ఆ తర్వాతే విద్య. ఆ శుద్ధి వైపు నుంచి చూస్తే ఈ ప్రాంతానికి దాదాపు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. టర్బైన్ల ఉక్కు, క్షిపణుల పరారుణ నేత్రాలు, మందుల ముడిసరుకు, నానో పొరలు: ఒక్కో తరం ఒక్కో స్థాయి శుద్ధిని నేర్చుకుంది. వస్తువులోంచి తీసేసిన మలినం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మాత్రం ప్రతిసారీ వెనకబడింది.

ఉక్కు కాలం

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. టర్బైన్లు, కంప్రెషర్ల వంటి భారీ యంత్రాల తయారీతో పాటు లోహాన్ని పరీక్షించే ప్రయోగశాలలు, వెల్డింగు తెలిసిన కార్మికులు, విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లు ఆ చుట్టుపక్కల పుట్టుకొచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడలు విస్తరించాయి, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడింది, భానూరులో బీడీఎల్ యూనిట్ యాంటీ ట్యాంక్ క్షిపణుల పని చేపట్టింది.

రక్షణ కర్మాగారాలంటే ఇనుము, మందుగుండు అనుకుంటాం. కానీ ఈ ప్రాంతానికి సెమీకండక్టర్‌తో తొలి చుట్టరికం అక్కడే ఉంది. నాగ్ క్షిపణిని బీడీఎల్, దాన్ని మోసే నామికా వాహనాన్ని ఎద్దుమైలారం కర్మాగారం తయారుచేసేలా పని పంచారు. ట్యాంకు నుంచి వెలువడే వేడిని చూసి వెంటాడే శక్తి నాగ్‌కు దాని ముక్కులోని పరారుణ అన్వేషకం ఇస్తుంది. అందులో వేడిని పసిగట్టేది మెర్క్యురీ, కాడ్మియం, టెల్లూరియం కలిసిన ఒక సెమీకండక్టర్. ఇందులో మెర్క్యురీ, కాడ్మియం పాళ్లు కొంచెం మార్చితే అది చూడగలిగే తరంగదైర్ఘ్యం మారుతుంది. వాటిలో చిటికెడు మలినం ఉన్నా చూపు మసకబారుతుంది.

నగరానికి ఆ చివర

అంతటి శుద్ధి చేసే విద్య హైదరాబాదుకు తూర్పున పెరిగింది. దానికి నేపథ్యం ఉస్మానియా విశ్వవిద్యాలయం. సూరి భగవంతం అక్కడ స్ఫటికాల భౌతికశాస్త్రం మీద పనిచేసి, 1960ల్లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. నగరంలో రక్షణ, అణు ప్రయోగశాలలు వేళ్లూనుకున్నది ఆ తరంలోనే. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అణు ఇంధనంతో ఆగకుండా, ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన అతి శుద్ధ పదార్థాలను తయారుచేసే ప్రత్యేక ప్లాంటును కూడా నడిపింది. ఎలక్ట్రానిక్స్ పదార్థాల పరిశోధనా సంస్థ సీమెట్‌కు చర్లపల్లి దగ్గర ఉన్న కేంద్రం అదే బాటలో కాడ్మియం, టెల్లూరియం, జింక్ వంటి మూలకాలను ఏడు తొమ్మిదుల స్థాయికి, అంటే 99.99999 శాతానికి శుద్ధి చేసింది.

ఈ శుద్ధికి ముఖ్యమైన పద్ధతిని 1950ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విలియం ఫాన్ కనిపెట్టాడు. మూలకాన్ని పొడవాటి కడ్డీగా పోసి, ఒక సన్నని భాగాన్ని మాత్రం కరిగిస్తారు. ఆ కరిగిన భాగాన్ని ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా జరుపుతారు. చాలా మలినాలకు గట్టిపడిన పదార్థంలో కంటే కరిగినదాంట్లో ఉండటమే అనుకూలం కనుక అవి దాని వెంటే నడుస్తాయి. పదేపదే అలా చేసి, చివరి కొసను కోసి పారేస్తారు. 1947లో పుట్టిన ట్రాన్సిస్టర్ ప్రయోగశాల దాటి బజారుకు రావడానికి ఈ పద్ధతే దారి వేసింది.

తర్వాతి మెట్టు గేటెక్. గాలియం ఆర్సెనైడ్‌తో రేడార్లకూ ఉపగ్రహాలకూ అవసరమైన మైక్రోవేవ్ చిప్‌లు చేయడానికి డీఆర్‌డీఓ హైదరాబాదులో నెలకొల్పిన ఫౌండ్రీ ఇది. సిలికాన్‌తో పోలిస్తే గాలియం ఆర్సెనైడ్‌లో ఎలక్ట్రాన్లు దాదాపు ఆరు రెట్లు చురుకుగా కదులుతాయి. ఇప్పుడు చూపు గాలియం నైట్రైడ్, సిలికాన్ కార్బైడ్ల మీదికి మళ్లింది. ఎలక్ట్రాన్ బంధం తెంచుకుని ప్రవహించడానికి సిలికాన్‌లో 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలితే ఈ రెండింటిలో మూడుకు పైగా కావాలి. అందుకే ఎక్కువ వోల్టేజినీ వేడినీ అవి తట్టుకుంటాయి. ఢిల్లీలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల నాలుగు అంగుళాల సిలికాన్ కార్బైడ్ వేఫర్లను పెంచి, గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు చేసిందని 2024లో ప్రకటన వచ్చింది. పరిమితంగా ఉత్పత్తి చేసే బాధ్యత గేటెక్‌దే. సిలికాన్ కార్బైడ్ స్ఫటికాలు పెంచే పనిని సీమెట్ కూడా చేపట్టింది.

రియాక్టర్ల కాలం

పడమట పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి మరో దారి పట్టాయి. ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయన శాస్త్రవేత్తల తరం సొంత కంపెనీలు పెట్టుకుంది. 1980ల నుంచి ఇక్కడ బల్క్ డ్రగ్ పరిశ్రమ ఊపందుకుంది. మందుల తయారీ కూడా శుద్ధి విద్యే. ద్రావణిలో కరిగించడం, చల్లార్చి స్ఫటికాలు తీయడం, సెంట్రిఫ్యూజ్‌లో వడతిప్పడం, ఆరబెట్టడం, మళ్లీ పరీక్షించడం. నియంత్రణ సంస్థలు గీసే గీతలు ఏటేటా కిందికి జరిగాయి. 2018లో వాల్సార్టన్ అనే రక్తపోటు మందులో నైట్రోసమైన్ జాతి మలినం బయటపడ్డాక, ఆ జాతికి చెందిన ఎన్‌డీఎంఏకు అమెరికా పెట్టిన హద్దు పది లక్షల పాళ్లలో 0.3 పాలు. ఎలక్ట్రానిక్స్‌కు వాడే ఆమ్లాల్లో లోహపు మలినాలను వంద కోట్ల పాళ్లలో లెక్కిస్తారు. దూరం తక్కువేమీ కాదు, కానీ అడుగులు పడుతున్నది ఆ దిశగానే.

ఆ శుద్ధికి మూల్యం చెల్లించింది వాగులు. వ్యర్థాలు నక్కవాగులోకి, దాని ద్వారా మంజీరలోకి చేరాయి. బోర్లలో రంగునీళ్లు వచ్చాయి, పొలాలు బీడువారాయి. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి శుద్ధయి బయటికి వచ్చిన నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. కొన్ని బ్యాక్టీరియాలను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాట. బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు అది మందును ఓడించడం నేర్పే బడి. యాంటీబయాటిక్ నిరోధకత గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వినబడటం అప్పటి నుంచే.

సెమీకండక్టర్లు ఇంతకంటే శుభ్రమైన వ్యాపారమనుకుంటే పొరపాటు. కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ ఉన్న శాంటా క్లారా కౌంటీలో, విషపదార్థాలు ఇంకి ప్రభుత్వం ప్రక్షాళన జాబితాకెక్కించిన స్థలాలు 23. అమెరికాలో మరే కౌంటీలోనూ అన్ని లేవు. వాటిలో చాలావరకు చిప్ పరిశ్రమ ద్రావణుల పుణ్యమే.

రాని ఫ్యాబ్

2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతంలో, మహేశ్వరం వైపు ఫ్యాబ్ సిటీకి భూమి కేటాయించింది. సెమ్‌ఇండియా సంస్థ ఏఎండీ సాంకేతికతతో 300 కోట్ల డాలర్ల ఫ్యాబ్ కడుతుందన్నారు. అది రాలేదు. ఫ్యాబ్‌కు భూమి ఒక్కటే చాలదు. క్షణం ఆగని కరెంటు, అయాన్లే మిగలనంత శుద్ధమైన నీరు, పిలిస్తే పలికే రసాయనాల సరఫరాదారులు, ఏళ్ల తరబడి నష్టాలు మోయగల పెట్టుబడి కావాలి. ఇవన్నీ అప్పటికి ఇక్కడ కుదరలేదు. ఆ నేలలో చివరికి పాతుకున్నది సౌర పరిశ్రమ. 1995లో మొదలైన ప్రీమియర్ ఎనర్జీస్‌కు సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం అన్నారంలో మాడ్యూళ్ల యూనిట్ ఉంది, సెల్స్ తయారీ మహేశ్వరం వైపు పెరిగింది. సౌర సెల్ కూడా సెమీకండక్టరే. దానికి కావలసిన సిలికాన్ వేఫర్లకు మాత్రం దేశం ఇప్పటికీ ప్రధానంగా చైనా మీదే ఆధారపడింది. అంటే లోటు మళ్లీ శుద్ధ పదార్థం దగ్గరే.

కంది ప్రయోగశాలలు

నానో విజ్ఞానానికి ఆరంభంగా 1959లో ఫైన్‌మన్ చేసిన ప్రసంగాన్ని చెబుతారు. ఉపరితలాల మీది పరమాణువులను విడివిడిగా చూసే వీలు కల్పించింది 1981లో వచ్చిన స్కానింగ్ టనలింగ్ సూక్ష్మదర్శిని. మన దేశంలో 2007లో నానో మిషన్ వెయ్యి కోట్లతో మొదలైంది. మరుసటి ఏడాదే ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో ఐఐటీ హైదరాబాద్ తాత్కాలికంగా తరగతులు ప్రారంభించి, 2015లో కందికి తరలింది. యుద్ధవాహనాల పక్కన పురుడు పోసుకున్న విద్యాసంస్థ, మందుల కంపెనీల పక్కన పెరిగింది.

అక్కడి పరిశోధనల్లో ప్రొఫెసర్ శివ్ గోవింద్ సింగ్ బృందం చేసిన రాగి అతుకు ఒకటి. చిప్‌లను పక్కపక్కన పరిచే బదులు ఒకదాని మీద ఒకటి పేర్చితే తీగల దూరం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, కరెంటు ఆదా అవుతుంది. అలా పేర్చాలంటే పై చిప్ రాగినీ కింది చిప్ రాగినీ అతకాలి. రాగికి గాలి తగిలితే ఆక్సైడ్ పొర కడుతుంది, దాన్ని దాటి అతకడానికి మామూలుగా 350 నుంచి 400 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి లోపలి పరికరాలు పాడవుతాయి. ఈ బృందం రాగి మీద మూడు నానోమీటర్ల మందాన టైటానియం పూసింది. ఆ పొర రాగికి ఆక్సైడ్ పట్టకుండా కాపాడుతుంది. అతికేటప్పుడు రాగి దాన్ని దాటుకుని అవతలి రాగిని కలుసుకోగలిగేంత పలచగానూ ఉంటుంది. దాంతో 200 డిగ్రీలకు లోపలే అతుకు పడింది. ఇదే బృందం జింక్ ఆక్సైడ్ నానో పోగులతో మలేరియా జాడను రక్తంలో పట్టే సెన్సర్ల మీదా పనిచేసింది.

ప్రొఫెసర్ చంద్రశేఖర్ శర్మ బృందం కొవ్వొత్తి మసిని లిథియం అయాన్ బ్యాటరీల ఆనోడ్‌గా పరీక్షించింది. మన ఇళ్లలో ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టినట్టే, మంట కొసన పట్టిన మసి అది. అందులోని కర్బన కణాలు కొన్ని పదుల నానోమీటర్లే కనుక లిథియం చకచకా లోపలికీ బయటికీ తిరుగుతుంది. ఈ బృందమే ప్రొఫెసర్ సప్తర్షి మజుందార్‌తో కలిసి, ఇంజక్షన్‌గా ఇచ్చే యాంఫోటెరిసిన్ బి మందును నానో పోగుల మాత్రగా మలిచింది. కాలా అజార్ వ్యాధి కోసం మొదలైన ఆ సాంకేతికతను, బ్లాక్ ఫంగస్ విజృంభించిన 2021లో, కంపెనీలకు అందించడానికి సిద్ధమని ఐఐటీ ప్రకటించింది. అదే ఏడాది విసిగ్, సైయెంట్ సంస్థలతో కలిసి పరికరాలను నెట్‌వర్క్‌కు కలిపే కోలా అనే ఎన్‌బీ ఐఓటీ చిప్ రూపకల్పనను ముందుకు తెచ్చింది. 2024లో జపాన్ చిప్ సంస్థ రెనెసాస్‌తో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. 2019లో సంస్థకు డైరెక్టరుగా వచ్చిన బి.ఎస్. మూర్తి స్వయంగా నానో స్ఫటిక లోహాల పరిశోధకులు.

నానో పొడుల బలం ఉపరితలంలో ఉంది. సెంటీమీటరు ఘనాన్ని పది నానోమీటర్ల ఘనాలుగా విడగొడితే, ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. అందుకే అవి మంచి ఉత్ప్రేరకాలు, మంచి ఆనోడ్లు. గాలికి తగిలే ఉపరితలం పెరిగితే పొడి త్వరగా అంటుకుంటుంది కనుక ప్రమాదకరం కూడా. 2025 జూన్ 30న పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారుచేసే కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. అక్కడి ఉత్పత్తి నానో కాదు, అంతకంటే ఎంతో ముతకైన పొడి. ముతక పొడుల దగ్గరే మనుషుల ప్రాణాలకు భరోసా ఇవ్వలేని చోట, నానో పొడులను టన్నుల్లో చేస్తామనే ముందు ఆలోచించాలి.

ముందున్న దారి

2021లో కేంద్రం 76 వేల కోట్ల సెమీకండక్టర్ కార్యక్రమం ప్రకటించాక రాష్ట్రాల మధ్య పోటీ మొదలైంది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు ఏసిప్ సంస్థ చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరైంది. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యం, కొరియా సాంకేతికత. సంగారెడ్డి కూడా ఫ్యాబ్ అడగవచ్చు. కానీ ఈ ప్రాంత చరిత్ర చూపే దారి వేరు. ఇక్కడున్నది స్ఫటికీకరణ తెలిసిన రసాయనవేత్తలు, స్వేదనం చేయగల ప్లాంట్లు, అతుకుల మీద పట్టున్న పరిశోధకులు. దేశంలో ఎక్కడ ఫ్యాబ్ కట్టినా దానికి ఆమ్లాలు, ద్రావణులు, పూతలు కావాలి. పది లక్షల పాళ్ల లెక్క నుంచి వంద కోట్ల పాళ్ల లెక్కకు ఎదగడం ఈ పరిశ్రమకు అసాధ్యమేమీ కాదు.

దానికొక షరతు ఉండాలి. ఎలక్ట్రానిక్స్ స్థాయి ఆమ్లంలో లోహపు జాడను పట్టే మాస్ స్పెక్ట్రోమీటర్, అదే కచ్చితత్వంతో నక్కవాగు నీళ్లలోని లోహాన్నీ పట్టగలదు. సరుకు పరీక్ష ఫలితాన్ని కొనుగోలుదారు అడిగి తీసుకుంటాడు. వాగు పరీక్ష ఫలితాన్ని అడిగే హక్కు, దాన్ని నెలనెలా బహిరంగంగా చదువుకునే వీలు ఊళ్లకు ఉండాలి. కొత్త యూనిట్‌కు అనుమతి ఇచ్చే కాగితంలోనే ఈ నిబంధన రాయడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. 1990లో కోర్టుకెక్కినవారికి ఎంత విషం, ఎక్కడిది అని నిరూపించడమే పెద్ద భారమైంది. ఇప్పుడు కొలిచే పరికరాలు ఉన్నాయి, నడిపే మనుషులు ఉన్నారు. మిగిలింది ప్రభుత్వం తీసుకోవలసిన నిర్ణయం.