అప్పు, చేబదులు, ఉధార్

కిరాణా కొట్లో "అప్పు రేపు" అన్న బోర్డు చూడనివారు మనలో ఉండరు. ఆ రేపు ఎప్పటికీ రాదు గాని, అప్పు చుట్టూ ఉన్న మాటలు మాత్రం ఎక్కడెక్కడి నుంచో మన ధవళేశ్వరం దాకా వచ్చినవి. వాటి సంగతి కాస్త విచారిద్దాం.

అప్పు, అరువు తెలుగువారి స్వంత మాటలు. డబ్బు తెస్తే అప్పు. పెళ్ళికి గంగాళం తెచ్చి, మళ్ళీ అదే గంగాళం తిరిగి ఇస్తే అరువు. వడ్డీ సంస్కృతంలోని "వృద్ధి" నుంచి ప్రాకృతం మీదుగా వచ్చినది. పెరుగుదల అని అర్థం. పేరులోనే ఉంది దాని గుణం!

చేబదులులోని బదులు అరబ్బీ "బదల్". ఒకదాని స్థానంలో మరొకటి అని అర్థం. తీసుకున్నంతే ఇవ్వాలి, పైన పైసా లేదు. చిత్రమేమంటే మన ఇళ్ళలో ఉర్దూలో చేబదులును బదల్ అనం, ఉధార్ అంటాం. అది సంస్కృతం "ఉద్ధారం" నుంచి పుట్టిన మాట. తెలంగాణాలో ఉద్దర అనేదీ అదే. పొరుగువారు అరబ్బీ మాటతోనూ, మనం సంస్కృతం మాటతోనూ చేయి చాస్తున్నామన్నమాట. మాటల అప్పులో ఇదొక సుఖం, ఇచ్చినవాడికి తరుగు లేదు.

ఇందుకు చాలావరకు కారణం సర్కారు లెక్కలు. 1571-72 ప్రాంతంలో రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్‌షాహీల వశమైనది. 1766లో నిజాంతో ఒడంబడిక జరిగి ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి పోయినా దఫ్తరు మాటలు పోలేదు. 1852లో మన ఆనకట్ట పూర్తయ్యాక కూడా రైతు నోట కిస్తు, బాకీ, వసూలు అన్న మాటలే. రాజమహేంద్రవరంలో కొలువు చేసిన బ్రౌన్ దొర తెలుగులో చేరిన ఇలాంటి అన్యభాషా పదాలకు 1854లో వేరే నిఘంటువే వేశాడు.

అరబ్బీలో అసలు అంటే వేరు, బాకీ అంటే మిగిలినది, వసూలు అంటే చేరడం, కిస్తు అంటే వంతు. వాయిదా అంటే ఇచ్చిన మాట. మనవాళ్ళ చేతిలో అది మాట దాటవేయడమై కూర్చుంది!

వడ్డీ లేని అప్పును మనం ఖర్జె హసనా అంటాం. చేబదులు కూడా దాదాపు అదే. ఇప్పుడు కొందరు నూటికి నెలకు మూడు రూపాయలు పుచ్చుకుంటూ కూడా దానిని చేబదులే అంటున్నారు. అది ఉత్త వడ్డీ అప్పు, పేరు ఒక్కటే చేబదులు.

జామీను మాట కూడా చెప్పాలి. అరబ్బీలో జామిన్ అంటే పూచీ పడిన మనిషి. తెలుగులో అది పూచీకి పేరైంది, మనిషి జామీనుదారు అయ్యాడు. స్నేహితుడి నోటు మీద మొహమాటానికి సంతకం పెట్టి, అది సాక్షి సంతకమే అనుకునేవారు మనలో లేకపోలేదు. అప్పు తెచ్చినవాడు కట్టకపోతే ఇవ్వవలసినది ఆయనే.