మాట వెనుక కథ: ఎజైల్

సబ్బవరం నుంచి విశాఖ రుషికొండ ఐటీ ఆఫీసులకు వెళ్లివచ్చే కుర్రకారు నోట రోజూ నలిగే మాట ‘ఎజైల్’. దీని మూలం లాటిన్‌లోని ‘అజిలిస్’. చేయడం, నడపడం అనే అర్థాలున్న ‘అజెరె’ నుంచి పుట్టిన విశేషణం. చులాగ్గా కదిలేది అని అర్థం.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ పేరు స్థిరపడింది 2001 ఫిబ్రవరిలో. అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది నిపుణులు కూడారు. అప్పటిదాకా తమ సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతులను ‘తేలికపాటివి’ అనేవారు. ఆ పేరులో చులకన ధ్వనిస్తోందని ‘ఎజైల్’ను ఎంచుకున్నారు. వారు వెలువరించిన ప్రకటనలో ఉన్నవి 4 విలువలు, 12 సూత్రాలు. రోజూ నిలబడి మీటింగ్ పెట్టాలని, గోడకు రంగు చీటీలు అంటించాలని అందులో ఎక్కడా లేదు. అవన్నీ వేర్వేరు పద్ధతుల నుంచి వచ్చి చేరినవే.

ఆ 17 మందిలో ఒకరైన డేవ్ థామస్ 2014లో అభ్యంతరం చెప్పారు: గుణాన్ని తెలిపే విశేషణాన్ని నామవాచకం చేసి, సరుకులా అమ్ముతున్నారని. చిన్న అడుగు వేసి, ఫలితం చూసి, దిద్దుకుంటూ సాగడమే అసలు పని అని ఆయన వాదన.

‘మేం ఎజైల్ చేస్తున్నాం’ అనే టీమును ఒక్కటే అడగండి: వాడేవాళ్ల మాట విని ఈమధ్య ఏం మార్చారు? చెప్పలేకపోతే వాళ్ల దగ్గరున్నది పేరొక్కటే.